ఆదివారం వండిన గురువారం

డండీలో డిసెంబరు పగలు
మూడున్నరకే దుకాణం కట్టేస్తుంది.
నేనింకా ఉల్లిపాయల దగ్గరే ఉన్నాను.
ఏడు పాయలకి ముప్పావుగంట.

పైగదిలో, నల్లటి కర్టెన్ల వెనక
పగటిని రాత్రిగా కప్పుకుని
మెర్సీ నిద్రపోతోంది.
ఈ వారం నాలుగు రాత్రులు డ్యూటీ.
అందుకని ఈ వంటింట్లో
మిక్సీ తిరగకూడదు,
కుక్కర్ కూత వెయ్యకూడదు,
పోపు పొగ అలారం దాకా పోకూడదు.
మూతలేని గిన్నెలో కందిపప్పు
రెండు గంటలుగా నన్నే చూస్తూ ఉడుకుతోంది.

ఇన్నాళ్ళూ నాకొచ్చిన వంట
నీళ్ళు కాచడం.
ఆ గిన్నె మాడితే
ఎవరూ చూడకుండా నానబెట్టడం.

చీరాలకి ఫోన్ చేసి గుసగుసగా అడిగాను:
ఉప్పెంత అత్తయ్యా?
తగినంత బాబూ.
తగినంతంటే?
సరిపడా.
ఆ రెండు కొలతల చెంచాలు
టెస్కోలో దొరకలేదు.

బెన్నీకి రెండేళ్ళు.
నా ఎడమకాలిని చెట్టనుకుని కౌగిలించుకుని
అలా నాతోపాటే స్టవ్‌కీ సింక్‌కీ తిరుగుతున్నాడు.
ఎస్తేరుకి ఆరు.
స్టూలెక్కి లెక్క చూస్తుంది.
"నాన్నా, ఉప్పు రెండుసార్లేశావు."
లేదమ్మా.
"వేశావు."
రుచి చూశాను.
వేశాను.

బంగాళాదుంప ఉప్పు లాగేస్తుందని ఎక్కడో విన్నాను.
ఒకటి వేశాను. మూడు వేశాను.
పప్పు కాస్తా దుంపల కూరయింది.
పేరు మార్చేస్తే
వంటలో తప్పు సగం తగ్గుతుంది.

మా నాయనమ్మ
రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి
పొద్దుటి ఆకలికి ముందే బదులు చెప్పేది.
పెద్దల మాట చద్దిమూట అని నాకు చెప్పిందీ ఆవిడే.
మాట మర్చిపోయాను, మూట మిగిలింది.
నా చద్ది ఇప్పుడు
మైనస్ పద్దెనిమిది దగ్గర గడ్డ కడుతోంది,
ఐస్‌క్రీం డబ్బాల్లో, వెన్న డబ్బాల్లో,
మూత ఒకటీ ఒళ్ళు ఒకటీ.

పేర్లు నేను తెలుగులో రాస్తానంటే
ఎస్తేరు ఒప్పుకోలేదు, తనకి చదవడం రాదుగా.
టేపు ముక్కల మీద బొమ్మలేసింది.
సోమవారం పప్పుకి సూర్యుడు.
మంగళవారం పులుసుకి కళ్ళున్న గుడ్డు.
బుధవారానికి మునక్కాడ,
అచ్చం మా వీధి దీపస్తంభంలా.
ఇంకో డబ్బా మీద
మూతి ముడిచి, కళ్ళు చికిలించిన ముఖం.
నవ్వుతోందనుకున్నాను.
మూడో సొరుగు మూసుకోకపోతే
బెన్నీ తలపెట్టి తోశాడు.

గురువారం.
టే నది మీంచి అడ్డంగా వాన.
బస్సు లేటు, బెన్నీకి జలుబు,
ఒక చేతి గ్లవ్ బడిలోనే ఉండిపోయింది.
నవ్వుముఖం డబ్బా మైక్రోవేవ్‌లో పెట్టాను.
నాలుగు నిమిషాలకి కరిగి బయటపడింది
చింతపండు గుజ్జు.
డబ్బా నిండా.

"పుల్లగా ఉందని గీశాను కదా,"
అంది ఎస్తేరు, జాలిగా,
చదువురాని వాణ్ణి చూసినట్టు.

ఉన్నదల్లా అన్నం, గుజ్జు, పల్లీలు.
పైన మంచం కిర్రుమంది, మెర్సీ లేచింది.
ఇంక భయం దేనికి?
నూనె కాగనిచ్చాను.
ఆవాలు నాలుగు రోజుల మౌనం తీర్చుకున్నాయి.
అలారం మోగింది.
ఎస్తేరు తువ్వాలు విసురుతూ గెంతింది.
బెన్నీ చీమిడిముక్కుతోనే చప్పట్లు కొట్టాడు.
యూనిఫాంలో మెట్ల మీద నిలబడి
మెర్సీ ఏమీ అడగలేదు,
కిటికీ తెరిచింది.
వెళ్తూ ఒక డబ్బా సంచిలో పెట్టుకుంది.

తెల్లవారుజామున మూడింటికి
వార్డులోంచి మెసేజ్.
"ఉప్పు చాల్లేదు.
డబ్బా ఖాళీ."